భీమ్లా తొక్కని బ్రేకు

భీమ్లా జీపులో డ్రైవరు కుడిపక్కన ఎవరూ కూర్చోకూడదు. భద్రాచలం రోడ్డు మీద తిరిగే మిగతా జీపుల్లో అక్కడ కూడా ఒకరు సగం గాల్లో వేలాడుతుంటారు. భీమ్లా మాత్రం స్టీరింగు తిప్పడానికి మోచెయ్యి ఆడాలంటాడు. తండాలో అందరూ ఆటపట్టించినా నవ్వి ఊరుకునేవాడు.

నేను బడిలో భౌతికశాస్త్రం చెబుతాను. 2006లో రోజూ ఆ జీపులోనే వెళ్లేదాన్ని. భీమ్లా కూతురు కవిత నా తొమ్మిదో తరగతి విద్యార్థిని. నా పక్కనే కూర్చునేది. పురుగుమందు డబ్బా మీద రాత నుంచి దవాఖానా చీటీ దాకా భీమ్లా నన్నే అడిగేవాడు. నేను చెప్పానంటే అతనికి ఇక తిరుగులేదు.

జూన్‌లో తొలివాన పడిన ఉదయం అది. లారీల మీంచి రాలిన జామాయిల్ బెరడు అడవి మలుపులో రోడ్డంతా పరుచుకుని ఉంది. తడిసిన బెరడు అరిగిన సబ్బు కన్నా అన్యాయం. జీపు వెనక భాగం ఒక్కసారిగా కుడికి జారింది. ముందుభాగం ఎడమకు, గోడ లేని కల్వర్టు వైపు తిరిగింది. కింద వాగు. లోపల పదకొండు మందిమి.

"బ్రేక్ వెయ్యి భీమ్లా" అని అరిచింది నేనే.

అతను వెయ్యలేదు. బ్రేకూ ఎక్సలేటరూ రెండూ వదిలేశాడు. వెనక భాగం ఎటు జారుతోందో స్టీరింగు అటే తిప్పాడు. వాగు వంక చూడనే లేదు, చూపంతా రోడ్డు మీదే. బండి కుదురుకోగానే స్టీరింగు మెల్లగా సరిచేసి, కల్వర్టు దాటాక నింపాదిగా ఆపాడు.

దిగి, బ్రేకు ఎందుకు తొక్కలేదని అడిగాను.

"చక్రం తిరుగుతుంటేనే రోడ్డును పట్టుకుంటది టీచర్. గట్టిగ తొక్కితే చక్రం ఆగుతది, బండి ఆగదు. ఇగ స్టీరింగ్ ఎటు తిప్పినా ఇనదు."

నాకు తల కొట్టేసినట్టయింది. దొర్లే చక్రం నేలను తాకే చోట ఆ క్షణానికి నిలిచి ఉంటుందని, అక్కడుండే స్థైతిక ఘర్షణ జారుడు ఘర్షణ కంటే ఎక్కువని తొమ్మిదేళ్లుగా బోర్డు మీద రాస్తున్నది నేనే. అతను ఆ సంగతి అరికాలితో నేర్చుకున్నాడు. నువ్వు గొప్పవాడివయ్యా అన్నాను, మనసారా.

భీమ్లా నవ్వలేదు.

"మీరు బ్రేక్ అన్నరు గదా టీచర్. నా కాలు సగం దాకా పోయింది. సదువుకున్నోళ్లు చెప్తున్నరు, గదే కరెక్టేమో అనుకున్న."

బండి జారినప్పుడు పట్టుకున్న నా చెయ్యి కవిత ఇంకా వదల్లేదు. ఆ పిల్ల ముఖం చూడడానికి నాకు ధైర్యం చాలలేదు.