ఇసుక జల్లించే చేపలూ, మా మస్తాన్ గారూ

మస్తాన్ వలీ గారు పోయారన్న వార్త నా చెవిన పడే సమయానికి నేను ఆయన దుకాణంలోనే ఉన్నాను. ఆయన ఇచ్చి వెళ్లిన తాళంచెవితో షట్టరు ఎత్తి, ఆయన చెప్పినట్టే చిటికెడు మేత నీళ్లలో వేసి, చేపల వంక చూస్తూ నిలబడ్డాను. విజయవాడ ఆసుపత్రి నుంచి ఆయన తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నయ్య ఇంక లేడండి మేడం గారు" అన్నాడు. సోమవారం వచ్చేస్తానన్నారు కదా అని నేను అతన్ని దబాయించి అడిగాను. అవతల అతను ఏడుస్తున్నాడు. నా కళ్లెదుట ఆ చేపలు మాత్రం యథావిధిగా ఇసుకను నోటినిండా తీసుకుని మొప్పల్లోంచి వదులుతున్నాయి.

తిరువూరులో జాకెట్లు కుట్టే మస్తాన్ గారిని ఎరగని ఇల్లు అరుదు. విస్సన్నపేట వెళ్లే రోడ్డులో ఒకే గది, ఒకే కుట్టుమిషను, ముప్ఫై ఏళ్ల అవిచ్ఛిన్న వ్రతం. అయితే నేను ఈ నాలుగు మాటలూ రాస్తున్నది ఆయన కుట్టుపనిని గురించి కాదు. నేను జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి ఈమధ్యే రిటైరయ్యాను. షావుకార్ల ఇంట పుట్టాను. నాకు తెలియదు అనే మాట మా వంశంలో ఎవరి నోటా వచ్చిన దాఖలా లేదు. అటువంటి నాకు జీవుల పట్ల ఎలా మెలగాలో నేర్పిన గురువు, ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన ఈ దర్జీ.

కొన్నేళ్ల క్రితం దారాలూ గుండీలూ తేవడానికి బెజవాడ వెళ్లినాయన, వాటితో పాటు ఒక గాజుతొట్టినీ అరడజను చిన్న చేపలనూ వెంటబెట్టుకొచ్చారు. మట్టి తినే చేపలని అమ్మినవాడు చెప్పాడట. వాటి పుట్టిల్లు దక్షిణ అమెరికా నదులు. నిజానికి అవి మట్టి తినవు. అడుగునున్న ఇసుకను నోట్లోకి తీసుకుని, అందులోని పురుగూ పుట్రా ఏరుకుని, మిగిలింది వదిలేస్తాయి. మన ఆడవాళ్లు చేటలో బియ్యం చెరిగినట్టే. అంగడివాడు తొట్టితో పాటు రంగురంగుల గులకరాళ్లు ఇస్తే, ఈయన వాటినే అందంగా అడుగున పరిచారు. రెండు వారాలు తిరక్కుండానే చేపలు చిక్కిపోయాయి. ఒకటి చచ్చిపోయింది. జాకెట్టు కోసం వెళ్లిన నేను ఊరుకుంటానా, మేత మార్చమన్నాను. అదీ కుదరకపోతే ఇంకో మేత చెప్పాను. ఆయన అన్నిటికీ తలూపి, ఏదీ చేయలేదు. మిషను ఆపి, స్టూలు తొట్టి ముందుకు జరుపుకుని ఒక పూటంతా చూస్తూ కూర్చున్నారు.

"వీటికి తక్కువైంది మేత కాదండి, పని. రాళ్లతో కుస్తీపట్టి మూతులు పగలగొట్టుకుంటున్నాయి, చూడండి" అన్నారు. చూశాను. నిజంగానే మూతుల దగ్గర తెల్లగా చెక్కుకుపోయి ఉంది. నేను అన్ని రోజులూ చూసింది చేపలను కాదు, నాకు తెలుసునన్న సంగతిని.

మర్నాడే పెనుగొలను వైపు వెళ్లి వాగులోంచి ఒక సంచీడు సన్న ఇసుక తెచ్చుకున్నారు. తిరుగు ప్రయాణంలో షేర్ ఆటో అబ్బాయి, ఒక్క సంచీతో ఏం కడతారు మస్తాన్ గారూ అని వేళాకోళం చేస్తే, అద్దాల మేడ కడుతున్నానని చెప్పారట. ఆ ఇసుకను ఆయన భార్య ఖాసింబీ గారి పిండి జల్లెడతో జల్లించారు. ఆ పూట ఇంట్లో రొట్టెలు పళ్ల కింద కరకరలాడాయి. ఆవిడ జల్లెడ లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేసుకుంటే, ఈయన నెట్ గుడ్డతో తనే ఒక జల్లెడ కుట్టుకున్నారు. బియ్యంలా అయిదు నీళ్లు మార్చి కడిగిన ఆ ఇసుక తొట్టిలో పరిచిన రోజున, మిగిలిన అయిదు చేపలూ తలలు దించి పనిలో పడ్డాయి. మళ్లీ తలెత్తితే ఒట్టు. మస్తాన్ గారి ముఖంలో నేను అంత తృప్తి ఎన్నడూ చూడలేదు. ఆ నాటి నుంచి ఆ దుకాణానికి ఒక కట్టుబాటు వచ్చింది. చేపలను గురించి ఎవరు ఏం చెప్పదలచుకున్నా, ముందు ఒక జాకెట్టు కుట్టేంతసేపు స్టూలు మీద నోరు మూసుకుని కూర్చోవాలి.

ఆ కట్టుబాటును మీరిన పాపం నాది. ఒక శుక్రవారం ఆయన జుమ్మా నమాజుకు వెళుతూ దుకాణం చూస్తుండమని నాకు అప్పగించారు. అంతలో ఆడచేప తొట్టిలోని పలక రాయి మీద గుడ్లు పెట్టింది. పెట్టినవి పెట్టినట్టే నోట్లోకి తీసుకోసాగింది. తన గుడ్లను తానే తినే చేపల గురించి ఏళ్ల తరబడి పాఠం చెప్పిన దాన్ని కదా, ఇదీ అదేననుకున్నాను. వల వేసి దాన్ని పట్టి బకెట్లో పడేశాను. ఆ బెదురుకు అది కొన్ని గుడ్లు కక్కేసింది, మిగిలినవి మింగేసింది. ఆయన వచ్చేసరికి వీరనారిలా నిలబడి, గుడ్లను కాపాడానని చెప్పాను.

ఆయన బకెట్లోకి వంగి చూశారు. కేకలు వేయలేదు. నెమ్మదిగా, "నోట్లో పెట్టుకుందంటే తింటోందనే ఎందుకనుకోవాలండి? దాచుకుంటోందేమో" అన్నారు.

ఇంటికి పోయి పుస్తకాలు తిరగేశాను. ఆయన అన్నదే నిజం. ఆ జాతిలో తల్లి గుడ్లను నోటనే పొదుగుతుంది. రెండు మూడు వారాలు ఉపవాసం ఉండి, పిల్లలు ఈదే దాకా మోస్తుంది. ఆ తరువాత కూడా ఏ నీడ పడినా పిల్లలన్నిటినీ మళ్లీ నోట్లోకి తీసుకుంటుంది. సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడు వెళ్లి తప్పయిపోయిందని చెబితే, ఆయన నవ్వి స్టూలు చూపించారు. నేను కూర్చున్నాను. మిషను చప్పుడు తప్ప ఏ మాటా లేకుండా ఒక జాకెట్టు పూర్తయింది. నా జీవితంలో నేను కూర్చున్న ఉత్తమమైన తరగతి అదే. మరుసటిసారి పెట్టిన గుడ్లకు పిల్లలు బతికాయి. మా కాలేజీ ఆడపిల్లలను తీసుకెళ్లి చూపించాను. ఏళ్ల తరబడి నా పాఠానికి రాని నిశ్శబ్దం ఆయన మాటకు వచ్చింది. కాస్త కుళ్లుకున్నాను కూడా.

దాచడమంటే ఆయనకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. దర్జీకి మనుషుల కొలతలు తెలుస్తాయి. ఎవరు చిక్కుతున్నారో, ఎవరింట ఏ కష్టం ఉందో జాకెట్టే చెబుతుంది. మస్తాన్ గారి నోట అటువంటి మాట ఒక్కటి బయటికి రాలేదు. ఒక ఏడు కొలతకని నా ఆది జాకెట్టు చేతికిస్తే, దాన్ని తీసుకోకుండా, ఇది మీకు వదులైపోయింది, ఒకసారి డాక్టరుకు చూపించుకోండని గొంతు తగ్గించి అన్నారు. మా ఇంట్లో ఎవరూ గమనించని సంగతి. చూపించుకున్నాను, సకాలంలో వైద్యం జరిగింది, ఇవాళ ఇది రాయగలుగుతున్నాను. ఎవరడిగినా మేడం గారు డైటింగ్ చేస్తున్నారని ఆయనే చెప్పి ఊరి నోరు మూయించారు.

అటువంటి మనిషి కొలత మాత్రం మేమెవరం తీయలేకపోయాం. చివరి నెలలో ఆయన కొత్త గుడ్డ తీసుకోవడం మానేశారు. ఎ.కొండూరు నుంచి వచ్చే పాత బేరాలను కూడా తరువాత రమ్మని పంపేశారు. కుట్టవలసినవన్నీ కుట్టి, ఇస్త్రీ చేసి, ఎవరివి వాళ్ల ఇళ్లకు చేర్చారు. పండగలేని రోజుల్లో అంత ముందుగా జాకెట్లు వచ్చాయని మురిసిపోయామే తప్ప ఎందుకని అడగలేదు. గుండె జబ్బు ముదిరిందని ఆయనకు తెలుసు. ఖాసింబీ గారికి కూడా ఆసుపత్రికి బయలుదేరే రోజునే చెప్పారట. నాకు కోపంగా ఉంది మస్తాన్ గారూ. పోయిన వారి మీద కోపం తగదంటారు, అయినా ఉంది.

ఆ రోజు నా చేతిలో తాళంచెవి పెట్టి, ఆడచేప నోరు ఉబ్బి ఉంది, మేత ముట్టదు, కంగారు పడి ఏమీ చేయకండి, సోమవారం వచ్చేస్తానన్నారు. ఆ ఏమీ చేయకపోవడమే నాకు పెట్టిన పరీక్ష అనిపించింది. రోజూ వెళ్లాను. ఖాళీ మిషను పక్కన స్టూలు మీద కూర్చున్నాను. అది చిక్కిపోతున్నా, మగచేప వెంటపడి వేధిస్తున్నా, నా చేతులు వల మీదికి పోకుండా ఒళ్లో పెట్టుకున్నాను.

ఆయన పోయిన మూడో రోజు సమాధి దగ్గర జియారత్ ప్రార్థనలు అయ్యాక ఖాసింబీ గారు దుకాణానికి వస్తానన్నారు. ఇద్దరం షట్టరు ఎత్తాం. తల్లి ముందు, ఇసుక మీద, ఆవగింజంత కళ్లతో పిల్లలు గుంపుగా ఈదుతున్నాయి. ఆనందం పట్టలేక నేను తొట్టి మీదికి వంగాను. తల్లి నోరు తెరిచింది. రెప్పపాటులో పిల్లలన్నీ లోపలికి పోయాయి. ఇసుక ఖాళీ అయింది.

ఖాసింబీ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అన్నారు. "ఆయనొస్తే దాచేది కాదండి. నీళ్లలో చెయ్యి పెట్టినా పిల్లలు ఆ చేతి చుట్టూనే తిరిగేవి."

తొట్టిని తమకిమ్మని అడిగినవాళ్లు ఉన్నారట. అయినా తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోమని ఆవిడ నాతో అన్నారు. ఉంచుకున్నాను. అన్నిటినీ దాచి మోసిన ఆ నిగర్వి స్మృతికి పూలదండ వేసే అర్హత నాకు లేదు. ఆయన నేర్పిన ఒక్క పని చేస్తున్నాను. ప్రతి ఉదయం వెళ్లి, ఒక జాకెట్టు కుట్టేంతసేపు, మిషను చప్పుడు లేని ఆ గదిలో కదలకుండా కూర్చుంటున్నాను. పిల్లలు బయటికి వస్తున్నాయి, ఇసుక రేణువులు నోట పట్టడం నేర్చుకుంటున్నాయి. వెళ్లడానికి నేను లేచి నిలబడగానే నా నీడ నీళ్ల మీద పడుతుంది.

నిన్న కూడా నన్ను చూసి తల్లి పిల్లలను నోట దాచుకుంది.