కొండవీడు కింద మిరపకాయ లేని వంట

పోటీకి పేరిచ్చింది నేనే. అమ్మను అడగలేదు. అడిగితే రానంటుందని తెలుసు.

ఆ మాయదారి కరోనా జ్వరం తగ్గాక అమ్మకు రుచీ వాసనా పోయాయి. ఊళ్లో అందరికీ తిరిగొచ్చాయి, ఆవిడకు రాలేదు. కారం మంట ఒక్కటే తెలిసేది. దాంతో కూరల్లో కారం పెంచుకుంటూ పోయింది, మేం ముక్కులు చీదుకుంటూ తిన్నాం. "ఉప్పు సరిపోయిందో లేదో చూడవే" అని గరిటె చాపినప్పుడు ఆవిడ మొహంలోకి చూడలేకపోయేదాన్ని. పెళ్లిళ్లలో వంటవాళ్లకే వంకలు పెట్టిన మనిషి. చివరికి ఒకరోజు పొయ్యి నాకు వదిలేసి టీవీ ముందు కూర్చుంది. నా వంట మాట్లాడకుండా తినేది. తిట్టినా బాగుండేది.

కొండవీడు కోట కింద రెడ్డిరాజుల కాలం వేషాలతో సంబరం పెడుతున్నారనీ, అందులో వంటల పోటీ ఉందనీ విన్నాను. ఆ కాలంలో లేనివి వాడకూడదట. మిరపకాయ, టమాటా, బంగాళాదుంప తర్వాతెప్పుడో ఓడల్లో వచ్చాయట. కారం అడ్డు తప్పుకుంటే అమ్మ నాలుక మళ్లీ ఏదైనా పట్టుకుంటుందేమోనని నా ఆశ. డాక్టరు చెప్పింది కాదు, నా పిచ్చి.

పేరిచ్చేశానని బతిమాలి అమ్మను లాక్కెళ్లాను. తీరా వెళ్తే అట్ట కత్తులు, నడుముల్లో సెల్‌ఫోన్లు, తలపాగా జారిపోతున్న సైనికులు. పక్క పొయ్యి ఆవిడ నిర్వాహకులతో పోట్లాడుతోంది. "పచ్చిమిర్చి కూడా వద్దంటే ఎట్టాగండీ? మేం గుంటూరోళ్లమండీ!"

మిక్సీ కూడా వద్దన్నారు కాబట్టి ఇంట్లోని చిన్న రాతి రోలు మోసుకొచ్చాం. అమ్మ విసుక్కుంటూనే మిరియాలు, జీలకర్ర, ధనియాలు దంచింది. కుండలో వంకాయలు వేసింది. నాకు కాలు నిలవలేదు. మూత తీసి చూడటం, మంట ఎగదోయడం, ఉప్పు వేయడం, అమ్మ మొహం చూడటం, మళ్లీ మూత తీయడం.

"కాసేపు కుదురుగా కూచోవే, తల తిరుగుతోంది నాకు" అంది అమ్మ.

న్యాయనిర్ణేత వచ్చాడు. చరిత్ర లెక్చరరుగా చేసి రిటైరైన పెద్దాయన, పట్టుపంచె, తలపాగా. చిన్న ముద్ద నోట్లో పెట్టుకుని దగ్గాడు.

"ఇందులో మిరపకాయ పడిందండీ."

నాకు ఒళ్లు మండింది. "మిరియం ఘాటండీ అది! మిరపకాయ ముట్టుకోలేదు మేం!"

ఆయన రోట్లో వేలు పెట్టి రుద్ది చూపించాడు. రాతి గుంటల్లోంచి ఎర్రగా వచ్చింది. మా అమ్మమ్మ నాటి నుంచీ గొడ్డుకారం దంచిన రోలు. మొన్ననే పండుమిరపకాయలు తొక్కాం. ఎంత కడిగితే మాత్రం పోతుంది? చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పోటీలోంచి మా పేరు కొట్టేశారు.

నేను ఊరుకోలేదు. రోలు తప్పుకు వంటను ఎలా తీసేస్తారని వెంటపడ్డాను. బహుమతి ఎవడిక్కావాలి? అమ్మ ఇంకోసారి పొయ్యి దగ్గరికి రాదన్న భయం నాచేత అరిపిస్తోంది. ఆయన "అమ్మా, రూలు రూలేనమ్మా" అంటూ వెనక్కి నడుస్తున్నాడు.

"ఏమే, ఇటు రా" అని పిలిచింది అమ్మ. ఆవిడ చేతిలో గరిటె ఉంది. పెదవులు చప్పరిస్తోంది.

"ఏంటమ్మా?" అన్నాను కసురుతూ.

"ఉప్పు రెండుసార్లు వేశావా?"

గబగబా వెళ్లి నాలుక్కి రాసుకున్నాను. ఉప్పు కషాయం. కారం గొడవలో ఆయనా ఆ మాట అనలేదు, ఇంకెవరూ అనలేదు.

"తప్పుకో. చింతపండు పులుసు పోసి ఇంకో రెండు వంకాయలు కోసేస్తే సర్దుకుంటుంది" అంటూ అమ్మ నన్ను మోచేత్తో పక్కకు నెట్టి కత్తిపీట ముందు కూర్చుంది.

పోటీ అయిపోయింది, పొయ్యి ఆర్పమంటూ అట్ట కత్తి సైనికుడొకడు నీళ్ల బకెట్టుతో వచ్చాడు. నేను అడ్డంగా నిలబడి వాణ్ని ఆర్పనివ్వలేదు.