రాణి లేని పెట్టె

నడుం దెబ్బతిని రాళ్ళ లారీ నడపటం మానేశాక తేనెటీగల పెంపకంలోకి దిగాను. రాజుపాలెం వైపు పెద్దాయన ఒకాయన రెండు పెట్టెలిచ్చి పని నేర్పాడు. మాచర్ల అవతల మా బావమరిది నిమ్మతోటలో, చెట్ల నీడన వాటిని పెట్టుకున్నాం. నాకంటే నా భార్యకే వాటి మీద మమకారం. పొద్దున్నే మూకుడులో నీళ్ళు పోసి, ఈగలు మునిగిపోకుండా గులకరాళ్ళు వేసేది.

మొదటి వేసవి ముదిరాక నేను పెట్టెలు తెరవటం మానేశాను. ఈ ఎండకు మనుషులమే అల్లాడుతుంటే, వాటి ఇంటికప్పు తీసి ఇంకా బాధపెట్టడం దేనికి అనుకున్నాను. గుమ్మం దగ్గర ఈగలు వస్తూ పోతూనే ఉన్నాయి. అది చాలనుకున్నాను.

ఒక సాయంత్రం నా భార్య రోడ్డు వైపు పెట్టెకు చెవి ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయింది.

"ఏమయ్యా, దీని సప్పుడు తేడాగా ఉంది. ఎవరో లోపల మూలగతన్నట్టుంది. ఒకసారి తెరిచి చూడు."

ఎండకు అట్లాగే ఉంటుందిలే అన్నాను. తర్వాత మరోసారి అడిగింది. అదే మాట చెప్పాను.

తొలకరి పడ్డాక తెరిచాను. ఈగలు సగం కూడా లేవు. మిగిలినవి నూగు రాలి నల్లబడ్డ ముసలివి. తేనెపట్టు కట్టే చెక్క చట్రం ఎత్తి వెలుగుకు పట్టి చూస్తే, ఒక్కో గదిలో ఒక్క గుడ్డే ఉండాల్సింది, గుంపుగా పడి ఉన్నాయి. కొన్ని గది గోడలకు అంటుకుని ఉన్నాయి. పెద్దాయనకు ఫోన్ చేసి చూసింది చెప్పాను.

"రాణి చచ్చి చానా రోజులైంది తమ్ముడూ. కూలి ఈగలే గుడ్లు పెడతన్నయ్. వాటికి పోతుటీగలే పుడతయ్ గానీ పనిచేసేయి పుట్టవు. ఇప్పుడు కొత్త రాణిని ఏసినా చంపేస్తయ్."

పెట్టెను దూరంగా తీసుకెళ్ళి ఈగలన్నిటినీ గడ్డిలో దులిపేయమన్నాడు. ఓపికున్నవి రెండో పెట్టెలో చోటు వెతుక్కుంటాయట, లేనివి పోతాయట. వారం పదిరోజులకోసారి తెరిచి గుడ్లు చూసుకుని ఉంటే, మొదట్లోనే రెండో పెట్టె నుంచి గుడ్లున్న చట్రం ఒకటి తెచ్చిపెట్టేవాళ్ళమని, వాటితో ఈగలే కొత్త రాణిని తయారుచేసుకునేవని కూడా చెప్పాడు. తిట్టలేదు.

పెట్టెను తోట చివరికి తీసుకెళ్ళి చట్రాలన్నీ ఒక్కొక్కటే గడ్డిలో విదిలించాను. రానన్న నా భార్య వచ్చి దూరంగా నిలబడింది. లేవగలిగిన ఈగలు లేచి, పెట్టె ఉండిన పాత చోటికే తిరిగొచ్చాయి. అక్కడ పెట్టె కింద పేర్చిన ఇటుకలు తప్ప ఏమీ లేవు. ఆ ఇటుకల మీదే గుత్తుగా వాలాయి. కొన్ని రెండో పెట్టె దగ్గరకు పోతే, కాపలా ఈగలు కొన్నిటిని లోపలికి రానిచ్చాయి, కొన్నిటిని ఈడ్చి కింద పడేశాయి. మర్నాడు ఇద్దరం వెళ్ళేసరికి ఇటుకల మీద చచ్చినవాటిని చీమలు మోసుకుపోతున్నాయి.

ఇంటికి వచ్చే దారిలో ఆమె ఒక్క మాట అంది.

"రెండోసారి అడిగినప్పుడన్నా తెరవాల్సింది."



ఇప్పుడు ఎంత వేసవైనా పొద్దెక్కకముందే వెళ్ళి పెట్టె తెరుస్తున్నాను. చట్రం ముందు ఆమె చేతికే ఇస్తాను. గుడ్లున్నాయని ఆమె అన్నాకే మూత పెడతాను. ఖాళీ పెట్టెను కడిగి ఎండబెట్టి పాకలో ఉంచాం. అందులోకి మళ్ళీ ఈగలను తెద్దామని నేను అనలేదు, ఆమె కూడా అడగలేదు.