నూరుద్దీన్ పావుసేరు లెక్క

సంగారెడ్డి గంజ్‌లో నూరుద్దీన్ తండ్రికి కిరాణా దుకాణం ఉండేది. కిలోలు వచ్చి పాత తూకపురాళ్లు మూలకు చేరినా, నూరుద్దీన్ బుర్రలోంచి మాత్రం అవి కదల్లేదు. సేరు, అద్దసేరు, పావుసేరు, నవటాక్, ఛటాక్. ప్రతిదీ ముందుదాంట్లో సగం. ఏడో తరగతి తప్పినవాడికి అంతకు మించిన లెక్క అక్కర్లేదని తండ్రి అనేవాడు. ఆ మాట నిజమేనని 1971లో తేలింది.

అప్పటికి అతను పటాన్‌చెరు దగ్గర ఒక బాయిలర్ల కార్ఖానాలో ఎక్స్‌రే ఫిల్ములు కడుగుతున్నాడు. వెల్డింగ్ అతుకుల్లో కంటికి కనబడని పగుళ్లు పట్టుకోవడానికి అక్కడ ఎక్స్‌రేలాంటి కిరణాలు వెదజల్లే ఇరీడియం వాడేవారు. మిరియపు గింజంత ముక్క, సీసం డబ్బాలో ఉండేది. డెబ్బై నాలుగు రోజులకు దాని బలం సగమవుతుంది. అప్పుడు ఫిల్ము రెట్టింపు సేపు పెట్టాలి. ఇంజినీరు వెంకటనారాయణ స్లైడ్‌రూల్ జరిపి లెక్క చెప్పేలోపే నూరుద్దీన్ "ఇయ్యాల్టికి అద్దసేరు, సాబ్" అనేసేవాడు. ఇంజినీరుకు అది నచ్చేది కాదు గానీ, తప్పు పట్టడానికేమీ దొరికేది కాదు.

నూట నలభై ఎనిమిదో రోజున కొత్త ముక్క వచ్చింది. పాతది డబ్బాతో సహా స్టోరుకు చేరింది. ఇంజినీరు సెలవులో ఉన్నాడు. స్టోర్‌కీపర్ కైలాసానికి తన తెలివి మీద గట్టి నమ్మకం. డెబ్బై నాలుగు రోజులకు సగం పోయింది, ఇంకో డెబ్బై నాలుగు రోజులకు మిగతా సగమూ పోయింది. కాబట్టి రిజిస్టర్లో "ఖాళీ డబ్బా" అని రాసి, సీసం కరిగించడానికి ఇంద్రేశం ఊరి కమ్మరి ఎల్లయ్యను పిలిపించాడు.

అది తెలిసి నూరుద్దీన్ స్టోరుకు పరుగెత్తాడు. సీసం కరిగితే గింజ బయటపడుతుంది. ఎల్లయ్య ఇదేందని వేళ్లతో తీసి చూస్తాడు. ఎవరైనా అంతే చేస్తారు. ఆ వేళ్లు మిగలవు.

"కైలాసం సాబ్, సేరు బియ్యంల ఇయ్యాల సగం తిన్నరు. రేపు మిగిలినదాంట్ల సగం తిన్నరు. ఎంత మిగుల్తది?"

"పావుసేరు."

"డబ్బాల గూడ గంతే ఉన్నది."

"బియ్యం కనవడ్తయి. గిది కనవడ్తదా?"

న్యాయమైన ప్రశ్నే. నూరుద్దీన్ నల్లకాగితం చుట్టిన ఫిల్ము తెచ్చి డబ్బాకు ఆనించి, రెంటికీ నడుమ కైలాసం తాళంచెవి పెట్టాడు. సాయంత్రందాకా ఎవరూ అటు పోవద్దన్నాడు. కొలిమి సామాను దించుకుని ఎల్లయ్య గేటు దగ్గర కూర్చున్నాడు.

సాయంత్రం కడిగితే, సీసం దాటి వచ్చిన కాస్త కిరణాలకే ఫిల్ము నల్లబడి ఉంది. నడుమ తాళంచెవి తెల్లగా, పళ్లతో సహా. కైలాసం రిజిస్టర్ తెరిచాడు.

"మరి పూర్తిగ ఎన్నడు ఖాళీ అయితది? తేదీ రాయాలె."

"పూర్తిగ ఎన్నడు గాదు సాబ్. పదిసార్లు సగమైతే వెయ్యిల ఒక పాలు ఉంటది. గంతకే రెండేండ్లు వడ్తది."

అలాంటి తేదీకి రిజిస్టర్లో గడి లేదు. కైలాసం "ఖాళీ" కొట్టేసి "పావుసేరు" అని రాశాడు.

ఎల్లయ్యకు ఎవరూ సరిగా చెప్పలేదు. నూరుద్దీన్ చెప్పబోతే అతను వినలేదు. నాలుగు రోజుల పని పోయిందంతే. ఆ తర్వాత ఏళ్ల తరబడి నూరుద్దీన్ పలకరిస్తే మొహం తిప్పుకునేవాడు. 1978లో పటాన్‌చెరు బస్టాండులో మాత్రం ఆగి, నలుగురూ చూస్తుండగా చెయ్యెత్తి, "నా నోట్లె మన్ను గొట్టినవ్ గద" అన్నాడు.

నూరుద్దీన్ ఎత్తిన చేతిని చూశాడు. ఐదు వేళ్లూ ఉన్నాయి. రెండో చేతిని కూడా చూశాడు. చాలా సంతోషమేసింది. ఇంటికి వెళ్లి భార్య ఖమరున్నీసాతో, ఎల్లయ్య బాగున్నాడని చెప్పాడు.