నీలం అట్ట పుస్తకంలో నలభై ఆరు దొంగతనాలు

ఊ బాపిరాజుకు, అంటే బర్మా మర్యాదలో బాపిరాజు గారికి, ఉన్నది ఒకటే జబ్బు. ఏ నేరం జరిగినా, అది కాగితంలో ఏ గడిలోకి వస్తుందో తేలేదాకా ఆయనకు అన్నం సయించదు.

యాంగూన్ రేవు పక్కన ఒక వార్డు ఆఫీసులో నేరాల లెక్క రాసే గుమాస్తా ఆయన. ఆ కాగితం నెలనెలా టౌన్‌షిప్ ఆఫీసుకు వెళ్తుంది. అక్కణ్ణుంచి పైకి, ఆ పైకి, చివరికి దేశం మొత్తం లెక్కలో కలుస్తుంది.

“మనం ఇక్కడ ఒక గీత ఎక్కువ గీస్తే దేశంలో ఒక దొంగ పుట్టేస్తాడమ్మా,” అని కొత్తగా చేరిన మే తుకు మొదటిరోజే చెప్పాడు. మే తు తండ్రి బర్మా ఆయన, తల్లి తెలుగామె. బాపిరాజును ‘ఊలే’ అని, అంటే బాబాయి అని పిలిచేది.

ఆమె చేరిన వారానికే గుడిమెట్ల దగ్గర దాసు ఎడమ చెప్పు, ధర్మరాజు కుడి చెప్పు పోయాయి.

“పోయింది ఒక జత. ఒక కేసు రాసేద్దాం ఊలే,” అంది మే తు.

“పోగొట్టుకున్నోలు ఇద్దరు కదా.”

“అయితే రెండు.”

“దొంగ ఏసుకున్నది జతే కదా.”

మధ్యాహ్నం దాకా తేలలేదు. ఆఖరికి బాపిరాజు స్వయంగా వెళ్లి విచారిస్తే, కబుర్లలో పడి రెండూ తొడుక్కుపోయింది వాళ్ల స్నేహితుడు బాబ్జీ అని తేలింది. బాపిరాజు ముఖం వేలాడేసుకుని తిరిగొచ్చాడు.

“పొరపాటుకు గడి లేదమ్మా.”

ఇంట్లోనూ అంతే. వేయించిన చేప ముక్క ఒకటి తగ్గిందని భార్య సుధామణి అంటే, “తలుపు తీసుందా, తోసుకొచ్చారా?” అని అడిగాడు.

“మీరే తిన్నారు.”

“అలాగైతే అది కుటుంబ విషయం. నేను రాయను.”

ఏడాది చివర మొత్తాలు కూడుతూ మే తు సొరుగు లాగితే, నీలం అట్ట పుస్తకం ఒకటి బయటపడింది. అందులో నలభై ఆరు దొంగతనాలు. అన్నీ నరసమ్మ అనే ఆమె ఇంట్లోనే. పైకి పంపిన కాగితంలో ఒక్కటీ లేదు. వార్డుకు మంచిపేరు రావాలని నేరాలు దాచే గుమాస్తాలుంటారని ఆమె విన్నది. ఈయన కూడానా? చెబితే ఆయన ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే తప్పు తనదీ అవుతుంది.

అంతలో నరసమ్మే వచ్చింది. వెనక సందులో ఒంటరిగా ఉండే ముసలామె.

“బాబూ, మళ్లీ దొంగ పడ్డాడు. ఈపాలి ట్వంటే ఊరి కుండ.”

బాపిరాజు లేచి కుర్చీ వేశాడు. “ఏ రంగుదమ్మా? ఎవరు కొన్నారు?”

ఆ కుండను పడవలో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన తన పెనిమిటి బంగారయ్య గురించి ఆమె అరగంట చెప్పింది. ఆయన అంతా రాసుకుని, గొడుగు తీసుకుని ఆమె వెంట వెళ్లాడు.

మే తు పుస్తకంలో చివరి గడి చూసింది. పైన ‘దొరికిన చోటు’ అని ఉంది. వెండి బరిణె: బియ్యం డబ్బాలో. కళ్లజోడు: నెత్తిమీద. తాళంచెవి: చేతిలోనే.

ఆయన తిరిగి రాగానే అడిగింది. “కుండ దొరికిందా ఊలే?”

“మంచం కింద.” పుస్తకం ఆమె చేతిలో చూసి గొంతు తగ్గించాడు. “జరగని నేరం పైకి ఎలా పంపుతాం? మతిమరుపని మొకం మీద ఎలా అంటాం? అందుకే దీన్ని ఏరేగా పెట్టాను.”

మరుసటి వారం బాపిరాజుకు జ్వరం. నరసమ్మ వచ్చేసరికి మే తు తనే కుర్చీ వేసి, తడుముకుంటూ ముసలామె యాసలో అడిగింది. “ఏటి పోయింది మామ్మా?”

“ఇత్తడి గరిటె.”

వెంట వెళ్లి వెతికితే అది నీళ్ల బకెట్లో దొరికింది. నరసమ్మ గరిటెను చెంగుతో తుడుస్తూ, మే తు చెవిలో చెప్పింది.

“ఈ దొంగ మంచోడే పిల్లా. ఏదీ గుమ్మం దాటించడు.”