బావ గొంతు కోసం నేను చెప్పిన సినిమా

ఆ వేసవిలో నేను మనిషిగా లేను, ఎండకు ఆరేసిన తునికాకు కట్టగా ఉన్నాను. తెల్లవారకముందే అడవికి పోయి ఆకు కోసి, మోసుకుని మా ఊరు ఎర్రబోరు చేరేసరికి నా నడుము నాకు మైలు దూరం వెనక నడిచి వచ్చేది. అలాంటి ఒక మధ్యాహ్నం అక్క దగ్గర్నుంచి పిలుపు వచ్చింది.

"తమ్మీ, మీ బావకు ఇంగ్లీషు సినిమా పెడుతున్న. నువ్వు చెప్పాలె."

మా ఇళ్లలో సినిమాకు ఒక చెప్పేవాడు ఉంటాడు. ఒకే గుమ్మంలో తెలుగు, దోర్లీ, గోండీ, హిందీ కాళ్లు చాపుకుని కూర్చుంటాయి కాబట్టి, టీవీ పక్కన చేరి కథ నడిపించే నోరు ఒకటి కావాలి. మా వీధికి ఆ నోరు నాది. పదో తరగతి చదివాను గనక ఇంగ్లీషు నాకు మంచినీళ్లప్రాయమని అందరి నమ్మకం. నిజానికి మందుసీసా మీది చీటీ చదవడానికే నాకు చెమటలు పడతాయి. ఇన్నేళ్లలో ఎవరూ పట్టుకోలేదు.

బావ పెళ్లిళ్లలో పాటగాడు. ఆయన గొంతెత్తితే సుక్మా బస్సులు హారన్ మానేసి పక్కకు తప్పుకునేవి. మా దగ్గర పెళ్లిలో ఎత్తుకున్న పాట భోజనాలకు పిలిచేదాకా ఆగకూడదు. ఆగితే ఆడేవాళ్ల కాళ్లు ఆగుతాయి, అది పెళ్లిపిల్లకు మంచిది కాదంటారు. అలా ఆపకుండా పాడీ పాడీ బావ గొంతు అరిగిన చెప్పులా అయింది. ఈ ఎండాకాలం పాడితే ఇక మాట కూడా మిగలదని సుక్మా డాక్టరు చెప్పాడు. బావ వినలేదు. తోంగ్‌పాల్‌లో తన తమ్ముడి కూతురి పెళ్లి ఉంది, పాడి తీరతానంటాడు.

అందుకే ఈ సినిమా. ఎవరో పేరుమోసిన విదేశీ రాక్ గాయకుడి జీవితమట, మధ్యలో అతనికి గొంతు చెడుతుందట. అక్క దుకాణంలో అడిగి మరీ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకొచ్చింది.

"ఆఖరికి వాడు పాట బంద్ చేసి సుఖపడ్డడని చెప్పు," అంది నా చెవిలో. "అసలు ఏమైతే నాకేంది!"

సినిమా మొదలైంది. గాయకుడి జుట్టు గడ్డివాము. చొక్కా మీద తళుకులు ఎన్నంటే ఫ్యాను గాలికి రాలి మా చాప మీద పడతాయేమో అనిపించింది. నేను చెప్పుకుంటూ పోయాను. మధ్యలో కన్ను మూతపడింది గానీ నోరు మూతపడలేదు.

బావ మోచేత్తో పొడిచాడు. "ఏందిరా బామ్మర్దీ, ఆ పిల్ల ఏడుస్తుంటే ఆకు ఎండలేదంటవు?" ఆయన గొంతు ఎండు కొమ్మను గోడకు రాసినట్టుంది.

"పెరట్ల ఆరేసిన ఆకు, బావా. దానికే ఏడుస్తుంది."

డాక్టరు సీను వచ్చింది. నా అలసట ఎగిరిపోయింది. డాక్టరు ఒక్క మాట అంటే నేను పది కలిపాను. పాటలు మానమన్నాడు, వేణ్నీళ్లు తాగమన్నాడు, పెళ్లాం మాట వినమన్నాడు. అక్క ముఖం వెలిగి నాకింకో గ్లాసు చాయ్ వచ్చింది.

అంతలో ఆ దుర్మార్గుడు ఆస్పత్రి మంచం దిగి నేరుగా మైదానానికి పోయాడు. బస్తర్ సంతలన్నీ ఒకచోట కుమ్మరించినంత జనం. మైకు పట్టుకున్నాడు. అక్క నా వైపు చూసిన చూపుకు గ్లాసులో చాయ్ మళ్లీ మరిగింది.

"సెలవు చెప్పనీకి వచ్చిండు," అన్నాను తడుముకుంటూ. "ఒక్క పాటనే. పాడి పక్కోనికి అప్పజెప్పి ఇంటికి పోతడట."

అదృష్టం, పక్కనున్న గిటారువాడు నిజంగానే గొంతు కలిపాడు. గాయకుడు మైకు అతని వైపు వంచి కళ్లు మూసుకున్నాడు. బావ తువ్వాలుతో ముఖం చాలాసేపు తుడుచుకున్నాడు.

"మంచిగ జేసిండు," అన్నాడు చివరికి. "గట్ల దిగాలె."

అక్క పొయ్యి దగ్గరికి పోయి అక్కడే నిలబడిపోయింది. నేను గెలిచాననుకుని ఆ చాప మీదే నిద్రపోయాను.

పెళ్లి రోజు తోంగ్‌పాల్ పందిట్లో డోలు మోగింది. బావ లేచి ఒకే ఒక్క పాట ఎత్తుకున్నాడు. గొంతు పగిలినచోటల్లా ఆడేవాళ్లు అందుకుని నిలబెట్టారు. చివరి చరణం దగ్గర ఆయన చేయి చాచి పక్కవాడి భుజం పట్టుకున్నాడు. ఆ పక్కవాడు నేనే.

"అందుకో రా," అని నవ్వి, కూర్చున్నాడు.

అందరి కాళ్లూ ఆడుతూనే ఉన్నాయి. పాట ఆగకూడదు. నా గొంతు వింటే కాకులు సైతం నన్ను కులంలోంచి వెలేస్తాయి. అయినా ఎత్తుకున్నాను. డోలువాడు నా మొహం చూసి జాలిపడి, మరింత గట్టిగా వాయించాడు. వంటలవైపు చూస్తే అన్నం ఇంకా ఎసరులోనే ఉంది.

అక్క జనాన్ని తోసుకుంటూ వేణ్నీళ్ల గ్లాసుతో వచ్చింది. బావ చెయ్యి చాచాడు. అక్క ఆయన్ను దాటి వచ్చి గ్లాసు నా చేతిలో పెట్టింది.

"తాగు తమ్మీ," అంది. "అన్నం ఉడకనీకి చానసేపు పడ్తది."