వెనక్కి కట్టుకున్న చేతులు

మా అక్క కూతుర్ని మాటలొచ్చిన నాటినుంచే అందరూ వసపిట్ట అనేవాళ్లు. నిద్రలో కూడా వాగేది. అలాంటి పిల్ల మాతోపాటు ఈ పరాయి దేశపు ఊరొచ్చి, ఇంగ్లీషు బడిలో రెండో తరగతిలో చేరాక నోరు మూసేసింది. దానికి మందుగా మా బావ ఒక చట్టం చేశాడు: ఇంట్లో ఇక ఇంగ్లీషే మాట్లాడాలి. ఆయనకు వచ్చింది అంతంత మాత్రం. అక్కకు అంతకన్నా తక్కువ. వాళ్లింట్లోనే ఉండే నాకు, పనిచేసే లాండ్రీలో గిరాకీలతో చెప్పే నాలుగు ముక్కలే దిక్కు. దాంతో ఇల్లంతా మూగనోము పట్టినట్టయింది. పిల్ల మాతో కూడా మాట్లాడడం మానేసింది.

అప్పుడు వాళ్ల టీచర్ మమ్మల్ని పిలిపించింది. పొడుగాటి మనిషి. పిల్లల ఎత్తుకు వంగి, నేల మీద మోకాళ్లూని పనిచేస్తుంది కాబట్టి ఆవిడ ప్యాంటు మోకాళ్ల దగ్గర ఎప్పుడూ రంగు మరకలే. ఇంట్లో మీ భాషలోనే మాట్లాడండి అని కోరింది. ప్రతి పాఠం బొమ్మలూ ముందురోజు సాయంత్రమే పంపుతాను, అదేమిటో మీ మాటల్లో పిల్లకు చెప్పండి అంది. సంగతి తెలిసిన పిల్లకు ఇంగ్లీషు మాటలు నేను నేర్పగలను, సంగతే తెలియకపోతే మాటలు దేనికి తగిలించను అని ఆవిడ వాదన. బావకు మింగుడు పడలేదు. నేర్పమని పంపిస్తే ఎదురు మనకే పని చెబుతోందని దారంతా గొణిగాడు.

పని మాత్రం నా నెత్తిన పడింది. నీళ్లు ఆవిరయ్యే పాఠం వచ్చినప్పుడు పిల్లను లాండ్రీకి తీసుకెళ్లి, తడి చొక్కా మీద ఇస్త్రీపెట్టె ఆనించి చూపించాను.

"ఆ నీళ్లు ఎక్కడికి పోయాయి పిన్నీ?" అంది.

ఎన్నో వారాల తర్వాత అది నోరు తెరిచి అడిగిన మొదటి ప్రశ్న. చొక్కా మాడిపోయేదే, కాస్తలో తప్పింది.

ఒకరోజు వాళ్ల తరగతిలో వెనక కూర్చుని చూశాను. టీచర్ ప్రశ్న అడిగి, ముందుగా పిల్లల్ని పక్కవాళ్లతో గుసగుసగా ఏ భాషలోనైనా చెప్పుకోమంటుంది. తర్వాత ఒకరిని లేపి, చేతులు వెనక్కి కట్టుకుని ఊరుకుంటుంది. పిల్లవాడు నీళ్లు నములుతున్నా అందించదు. నాకు ఒళ్లు మండింది. ఒక్క మాట అందిస్తే ఈవిడ సొమ్మేం పోయింది? కానీ ఆ పిల్లవాడు చివరికి తన వాక్యం తనే చెప్పేశాడు. ఇంత ఓపిక మనిషన్నవాళ్లకు ఎక్కడినుంచి వస్తుందా అని నోరెళ్లబెట్టాను.

ఏడాది చివర, బయటినుంచి వచ్చే పరీక్షాధికారి ముందు పిల్లలు నచ్చిన పాఠం గురించి ఇంగ్లీషులో చెప్పాలి. చెప్పలేకపోతే మళ్లీ రెండో తరగతే. ఆ దెబ్బ తగిలితే పిల్ల ఇక జన్మలో నోరు విప్పదని అక్క బెంగ.

ఆ రోజు మమ్మల్ని వెనక కుర్చీల్లో కూర్చోబెట్టారు. మా వసపిట్ట ఆ ఆవిరి పాఠంలోని తడిబట్టల బొమ్మ ఎంచుకుని నిలబడింది. మాట రాలేదు. అధికారి కలం మూత పెట్టబోయాడు. టీచర్ మాకు వీపు పెట్టి, పిల్లకు ఎదురుగా నిలబడి ఉంది. పిల్లకు ఆవిడ నవ్వుముఖమే కనిపిస్తోంది. వెనక కట్టుకున్న ఆ చేతులు మాత్రం మాకు కనిపిస్తున్నాయి. వేళ్లు ఒకదాన్నొకటి నలిపేసుకుని తెల్లబడిపోయాయి. అందించకుండా ఉండడం ఆవిడకు ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది.

పిల్ల ఇంగ్లీషులో మొదలుపెట్టింది. ఇస్త్రీపెట్టె, వేడి, పైకి పోయే నీళ్లు, కనిపించకపోయినా గాల్లోనే ఉంటాయి అంటూ ఒక్కో మాటా పేర్చింది. ఇక ఆగలేదు. చాలమ్మా అని అధికారి చెయ్యెత్తినా మా లాండ్రీ సంగతులన్నీ చెబుతూనే ఉంది. ఆ తెల్లబడ్డ వేళ్లు మెల్లగా వదులయ్యాయి. అక్క నా భుజం మీద వాలి ఏడ్చేసింది.

ఇప్పుడది మూడో తరగతి. మొన్న లాండ్రీలో ఒకాయన కోటు మీద మరక గురించి ఏదో అడిగితే, ఇంగ్లీషు మాట తట్టక పక్కనున్న పిల్లవైపు చూశాను. దానికి తెలుసు. అయినా చెప్పలేదు. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, నవ్వుతూ నా ముఖంలోకి చూస్తూ నిలబడింది.

"నువ్వే చెప్పు పిన్నీ, నేను ఆగుతా" అంది.